గట్టు మీదవీ, అటక మీదవీ

మా వంటింటి గట్టు పొడవు ఏడడుగుల నాలుగంగుళాలు. ఈ అద్దె ఫ్లాట్‌లో దిగిన రోజే టేపు పెట్టి కొలిచాను. స్టవ్వు రెండున్నర అడుగులు తినేసింది, సింకు ఇంకో రెండు. నీళ్ళు చిందే జాగా, వేడి గిన్నె దించుకునే జాగా తీసేస్తే నికరంగా మిగిలింది అడుగున్నర. ఆ అడుగున్నర ఎవరిదన్న దాని మీద మా ఇంట్లో వారం రోజులు వాదన నడిచింది. మిక్సీ ఎప్పుడూ బయటే ఉండాలని మా ఆవిడ, రైస్ కుక్కర్ ఉండాలని నేను. ఊర్నించి వచ్చిన అమ్మ రెండిటినీ కొట్టిపారేసింది. అక్కడ ఏమీ ఉండకూడదంది, చపాతీ పీట వేసుకోవడానికి ఉన్న చోటు అదొక్కటేనట.

పెళ్ళికి బహుమతులుగా వచ్చిన ఓవెన్, జ్యూసర్, శాండ్‌విచ్ మేకర్ వాదన లేకుండానే అటకెక్కాయి. తెలుగులో ఏ పనైనా ఆగిపోయిందనడానికి ‘అటకెక్కింది’ అంటాం కదా, అది ఊరికే పుట్టిన మాట కాదని ఆ రోజు అర్థమైంది. ఒక్క వస్తువుకి మాత్రం గట్టు మీదా, అటక మీదా చోటు దొరకలేదు. అమ్మమ్మ ఇల్లు అమ్మేసేటప్పుడు నేను పట్టుబట్టి కారు డిక్కీలో వేసుకుని తెచ్చిన సన్నికల్లు అది. దాని గోల తర్వాత చెబుతాను.

వంటింట్లో ఏది చేతికందేలా ఉండాలి, ఏది కనపడకుండా దాచాలి అన్నది సర్దుకోవడానికి సంబంధించిన చిన్న విషయంలాగే కనిపిస్తుంది. ఇంటర్నెట్లో దాని మీద బోలెడు సలహాలు కూడా ఉంటాయి, రోజూ వాడేవి బయట పెట్టండి, నెలకోసారి వాడేవి లోపల పెట్టండి అని. అయితే ‘రోజూ వాడేది’ ఏదన్నది ఎప్పుడు, ఎవరు, ఎలా తేల్చారు అని వెనక్కి వెళ్తూ ఉంటే నాకు నిలబడి వంట చెయ్యడానికి ముందున్న వంటిల్లు ఎదురైంది.

అమ్మమ్మ వాళ్ళ ఊరు ఒంగోలు వైపు. ఆ వంటింట్లో గట్టు లేదు. పొయ్యి నేల మీదే, రోజూ అలికి ముగ్గేసేవాళ్ళు. రుబ్బురోలు నేలలో సగం పాతేసి ఉండేది, కడిగిన నీళ్ళు పోవడానికి దాని పక్కనే తూము. అంటే ఆ రోలు ఎక్కడుండాలో ఇల్లు కట్టేటప్పుడే తేల్చేశారన్నమాట. మిగతా వంటిల్లు దాని చుట్టూ సర్దుకోవాల్సిందే. తిరగలి వసారాలో ఒక మూల. రోకలి గోడకి చేరేసి. పెరుగూ వెన్నా పిల్లికి అందకుండా ఉట్టి మీద. పప్పుగుత్తి, అట్లకాడ, గరిటెలు గోడకి కొట్టిన చెక్కకి వేలాడేవి. పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ తప్ప దించని గుండిగలూ గంగాళాలూ అటక మీద. బరువైనవి కింద, తేలికవి పైన, ఎప్పుడో గాని వాడనివి ఇంకా పైన. ఆడవాళ్ళు పొద్దున్నించీ ఆ నేల మీద కూచుని, లేచి, మళ్ళీ కూచుని పని చేసేవాళ్ళు.

బరువుది ఒక లెక్క అయితే మడిది ఇంకో లెక్క. కొన్ని ఇళ్ళల్లో ఊరగాయ జాడీలు ఎవరు ముట్టుకోవాలి, స్నానం చేశాక ముట్టుకోవాలా ముందే ముట్టుకోవచ్చా, అన్నం గిన్నె తగిలిన చెయ్యి పాల గిన్నెకి తగలొచ్చా అన్న నియమాలే ఏది ఎక్కడుండాలో చెప్పేవి. పని తేలికవ్వాలన్న ఆలోచన అందులో లేదు. మడి జాడీ అందరికీ అందేలా ఉంటే అది మడి జాడీయే కాదు. ఇవాళ మనం ‘చేతికందేలా’ అనే మాట సంతోషంగా వాడేస్తున్నాం గాని, ఎవరి చేతికి అన్న ప్రశ్న ఆ వంటింట్లో చాలా గట్టిగా ఉండేది.

ఇంకో సంగతి. నేను చెబుతున్నదంతా వంటగది అనే గది విడిగా ఉన్న ఇళ్ళ గురించి. ఒంటి గది ఇళ్ళవాళ్ళకి పొయ్యి వాకిట్లో, రోలు వేపచెట్టు కింద, అదీ రెండు మూడు ఇళ్ళకి కలిపి ఒకటి. పెద్ద ఇళ్ళ రోళ్ళు అరిగేలా దంచినవాళ్ళు చాలాసార్లు ఆ ఇంటివాళ్ళు కారు, కూలికి వచ్చి వడ్లు దంచి వెళ్ళిన ఆడవాళ్ళు. ‘మా అమ్మమ్మ రోలు’ అని మనం మురిసిపోయే వాటిల్లో కొన్నింటి మీద వేరేవాళ్ళ అమ్మమ్మల చేతుల అరుగుదల ఉంది.

రాతి మీద గింజ నూరడం ఈ నేల మీద చాలా పాత పని. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో నాలుగైదు వేల ఏళ్ళ నాటి నవీన శిలాయుగపు ఊళ్ళు తవ్వితే కుండపెంకులతో పాటు నూరుడు రాళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. మధ్యలో అరిగి పల్లమైన ఆ రాళ్ళని మ్యూజియంలో చూస్తే మా సన్నికల్లుకీ వాటికీ పెద్ద తేడా కనపడదు. అంత కాలం మారకుండా ఉన్న పని రెండు మూడు తరాల్లో మారిపోయింది. మొదట పోయింది రోకలి. 20వ శతాబ్దం మొదటి సగంలో కృష్ణా, గోదావరి డెల్టాల్లో బియ్యం మరలు పెరిగాక ఇంట్లో వడ్లు దంచే అవసరం తగ్గిపోయింది. దంపుడు కూలి మీద బతికే ఆడవాళ్ళకి ఆ పనీ పోయింది. 1934లో గాంధీ మొదలుపెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని బతికించాలని గట్టిగానే ప్రయత్నించింది గాని మర ముందు అది నిలవలేదు. ఇప్పుడు అదే బియ్యం హైదరాబాద్ ఆర్గానిక్ షాపుల్లో మామూలు బియ్యం కన్నా ఎక్కువ ధరకి దొరుకుతోంది. నేనూ కొంటాను. రోకలి మాత్రం పెళ్ళిలో పసుపు దంచే రోజు ఒక గంట బయటికొచ్చి, పసుపు కుంకుమలు పెట్టించుకుని మళ్ళీ మూలకి వెళ్తుంది.

ఇక గట్టు సంగతి. దీన్ని తీసుకొచ్చింది ఆధునికతా కాదు, ఇంగ్లిషు చదువులూ కాదు. నేను చూసినంతలో, మన మధ్యతరగతి ఇళ్ళల్లో చాలావాటికి దాన్ని తెచ్చింది గ్యాస్ బండ. 1950ల మధ్యలో బొంబాయిలో బర్మా షెల్ వంటగ్యాస్ అమ్మడం మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. ఆ గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ నేల మీద నిటారుగా ఉండాలి, స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాలి అని నియమం. గ్యాస్ కనెక్షన్ కావాలంటే నేల మీద పొయ్యి ముందు కూచుని వండటం కుదరదు. గ్యాస్ వస్తోందని తెలియగానే పాత ఇళ్ళల్లో కూడా రెండు ఇటుక గోడలు లేపి పైన ఒక బండ పరిచేసేవాళ్ళు. అదే గట్టు. కింద సిలిండర్, పైన స్టవ్వు. కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం, ఎంపీ కోటాలో కూపన్ తెచ్చుకోవడం పెద్దవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. సిలిండర్ కన్నా ముందే గట్టు కట్టుకుని కూచున్న ఇళ్ళూ ఉన్నాయి.

ఆ గట్టు మీద పరిచిన బండ చాలా చోట్ల కడప బండ. కడప, కర్నూలు ప్రాంతాల్లో దొరికే నల్లటి సున్నపురాయి. బొంబాయి, పుణె ఇళ్ళల్లో వంటింటి బండని ఇప్పటికీ ‘కడప్పా’ అనే అంటారు. మన జిల్లా పేరు మరాఠీ వంటింట్లో ఒక రాయి పేరుగా స్థిరపడిపోయింది. దాంతో ఒక్కటే చిక్కు. అది సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్లగా మచ్చ పడుతుంది. చింతపండు లేనిదే పొద్దు గడవని ఇళ్ళల్లో ఆ గట్టు ఎలా ఉండేదో ఊహించుకోండి. తర్వాత గ్రానైట్ వచ్చింది. అందులో పేరున్నది మా వైపు చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ, నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు. ఇప్పుడు నేను కొలిచిన ఏడడుగుల గట్టూ అదే రాయి. ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి నాకన్నా ముందే వచ్చి కూచుంది.

గట్టు వచ్చాక కొన్నేళ్ళ పాటు మన వంటిళ్ళు సగం నిలబడి, సగం కూచుని ఉన్నాయి. పొయ్యి లేచి నిలబడింది. రోలూ కత్తిపీటా లేవలేదు. కూర తరగాలంటే కింద కూచోవాలి, పోపు వెయ్యాలంటే లేవాలి, పచ్చడి నూరాలంటే మళ్ళీ కూచోవాలి. ‘సౌకర్యం’ పేరుతో వచ్చిన గట్టు మొదట్లో ఆడవాళ్ళ మోకాళ్ళకి ఎక్కువ పనే పెట్టింది. కత్తిపీట పని కూచుంటే తప్ప జరగదు, కాలితో పీట తొక్కిపట్టి రెండు చేతులతో తరగాలి. గట్టు మీద పెడితే అది ఎందుకూ పనికిరాదు. అందుకే అది ఎవరూ పారేయకుండానే కనపడకుండా పోయింది. కొన్నాళ్ళు గట్టు కింద సిలిండర్ పక్కన ఉండేది. తర్వాత పిల్లలు తగిలించుకుంటారని బీరువా వెనక్కి వెళ్ళింది. దాని స్థానంలో చాకూ, చెక్క పలకా వచ్చాయి.

ఇక్కడ ఒకసారి జర్మనీకి వెళ్ళిరావాలి. ‘అన్నీ చేతికందేలా’ అనే ఆలోచనకి ఒక రూపం ఇచ్చింది 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ళు లేని కార్మికుల కోసం నగరం కడుతున్న ఇళ్ళకి ఆమె ఒక చిన్న వంటిల్లు గీసింది. వెడల్పు రెండు మీటర్ల లోపు, పొడవు మూడున్నర మీటర్ల లోపు. రైళ్ళలో భోజనం బోగీ వంటగదిని చూసి, ఫ్యాక్టరీల్లో పనిని నిమిషాలకి కొలిచే పద్ధతిని ఇంటిపనికి తెచ్చిన అమెరికన్ రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ పుస్తకాన్ని చదివి, వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టి గీసిన వంటిల్లు అది. పిండికీ పంచదారకీ బియ్యానికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, మడత పెట్టే ఇస్త్రీ బల్ల, ఈగలు వాలవని నీలం ఆకుపచ్చ కలిసిన రంగు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాంటివి దాదాపు పది వేలు కట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అని లక్షలు పోసి చేయించుకునేదానికి ముత్తవ్వ ఇదే.

షుట్టె లిహోట్‌స్కీ వామపక్షవాది. ఆడవాళ్ళకి ఇంటిపని తొందరగా అయిపోతే బయటి ప్రపంచానికి టైం దొరుకుతుందన్నది ఆమె ఉద్దేశం. తర్వాతి తరం స్త్రీవాదులు అదే వంటింటిని తప్పుపట్టారు, ఒక్క మనిషి మాత్రమే పట్టే గదిలో ఆడదాన్ని ఒంటరిని చేసి తలుపేశారని. రెండు మాటలూ నిజమే అనిపిస్తుంది నాకు. మా ఫ్లాట్ వంటింట్లో కూడా ఇద్దరు ఒకేసారి నిలబడితే మోచేతులు తగులుకుంటాయి. ‘నేను చేస్తాలే’ అని లోపలికొచ్చే మగవాడికి దొరికే మొదటి సాకు అదే: చోటు లేదు. నేనూ వాడుకున్నాను.

రోలు గట్టు ఎక్కడానికి మిక్సీ రావాల్సి వచ్చింది. అది మన దేశంలో పుట్టిన కథ బాగుంటుంది. 1960ల మొదట్లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో, ఆయన భార్య మాధురి వాడే విదేశీ మిక్సర్ కాలిపోయింది. బాగుచేయించుకునే దారి ఇక్కడ లేదు. అసలు ఆ మిక్సర్ కేకు పిండి కలపడానికీ, పళ్ళరసాలకీ చేసింది. దాంట్లో పసుపు కొమ్ములూ, ఎండుకొబ్బరీ, నానిన మినప్పప్పూ వేస్తే మోటారు ఏమవుతుంది? మన వంటకి ఆగే మోటారు తయారుచెయ్యాలని ఆయన కూచున్నారు. 1963లో సంస్థ పెట్టారు. అలా వచ్చింది సుమీత్. పొడికి ఒక జారు, తడికి ఒక జారు, పచ్చడికి చిన్న జారు. ఆ తర్వాత 1978లో చెన్నైలో ప్రీతి మొదలైంది, ఇంకా ఎన్నో వచ్చాయి. తెలుగువాళ్ళు సారెలో మిక్సీ పెట్టడం 80లలో మామూలైపోయింది. మా అమ్మ మిక్సీ అలా వచ్చిందే. దానికి ఆవిడ లేసు అంచు ఉన్న గుడ్డ తొడుగు కుట్టింది. వాడేది పొద్దున పది నిమిషాలు, మిగతా రోజంతా అది తొడుగేసుకుని గట్టు మీద కూచునేది. ఎవరైనా వస్తే కనపడాలి కదా. వాడకానికే కాదు, చూపించడానికీ వస్తువులు గట్టు మీద ఉంటాయి.

మిక్సీ కన్నా కొంచెం ముందు వచ్చింది ప్రెషర్ కుక్కర్. దాని మూలం చాలా దూరం వెళ్తుంది. 1679లో డెనీ పాపాన్ అనే ఫ్రెంచివాడు లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్ళకి ఎముకల్ని కూడా మెత్తగా ఉడికించే మూతబిగించిన పాత్రని చూపించాడు. మూడేళ్ళ తర్వాత అందులో వండిన విందు ఒకటి జరిగితే దాని గురించి జాన్ ఎవెలిన్ తన డైరీలో రాసుకున్నాడు. ఆవిరి బయటికి పోకుండా ఒత్తిడి పెంచితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 121 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే కందిపప్పు గంట బదులు పావుగంటలో ఉడుకుతుంది. మనకి 1959 ప్రాంతంలో హాకిన్స్, ప్రెస్టీజ్ వచ్చాయి. కుక్కర్ ఎప్పుడూ అటకెక్కదు. తోమి బోర్లిస్తే ఆరేలోపే మళ్ళీ పొయ్యి మీదికి వస్తుంది. దాని విజిల్ పక్క గదిలోకే కాదు, పక్కింటికి కూడా వినపడుతుంది. పొయ్యి దగ్గర మనిషి కాపలా ఉండక్కర్లేని మొదటి వంట అదే అనుకుంటా. విజిళ్ళు లెక్కపెట్టమని ఇంట్లో ఎవరికో ఒకరికి, సాధారణంగా హోంవర్కు చేసుకుంటున్న పిల్లలకి, పని పడుతుంది.

వెట్ గ్రైండర్‌ది వేరే దారి. అది కోయంబత్తూరు బిడ్డ, 1950ల మధ్యలో అక్కడ పుట్టింది. ‘కోయంబత్తూర్ వెట్ గ్రైండర్’కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రుబ్బురోలుకి మోటారు పెట్టడమే దాని ఆలోచన, కాకపోతే పొత్రం బదులు రోలు తిరుగుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరిగి పిండిని కోస్తుంది, వేడెక్కిస్తుంది. గ్రైండర్ రాళ్ళు నెమ్మదిగా తిరుగుతూ నలుపుతాయి. మినప్పిండిలోకి గాలి చేరి నురగలా పొంగుతుంది, ఇడ్లీ దూదిలా వస్తుంది. ఇందులో భక్తి ఏమీ లేదు, పిండికి కావాల్సిన నెమ్మది అది. మొదట్లో హోటళ్ళకి, తర్వాత ఇళ్ళకి. పెద్దది కాబట్టి నేల మీదే ఉండేది, పాత రోలు చోటులోనే. తర్వాత టేబుల్‌టాప్ వచ్చింది. పేరుకి బల్ల మీది గ్రైండరే గాని నాకు తెలిసిన ఇళ్ళల్లో అది బల్ల మీద ఉండగా చూడలేదు.

ఎందుకంటే ఫ్రిజ్ వచ్చింది. రోజూ రుబ్బే పిండి వారానికోసారి రుబ్బితే చాలన్నది ఫ్రిజ్ వల్లే. వారానికోసారి వాడేదానికి గట్టు మీద చోటెందుకు? సింకు కిందికి వెళ్ళింది. తర్వాత కిరాణా కొట్లో ఇడ్లీ పిండి ప్యాకెట్లు వచ్చాయి. గ్రైండర్ అటకెక్కింది. ఒక వస్తువుని ఇంకో వస్తువు నేరుగా పోటీపడి దించదు, పక్కనించి వచ్చిన మూడోది దించేస్తుంది. గ్రైండర్‌ని ఓడించింది మంచి గ్రైండర్ కాదు, ఫ్రిజ్. ఇంకా విచిత్రంగా, డాలస్‌లో ఉండే మా పిన్ని ఇంట్లో గ్రైండర్ ఇప్పటికీ గట్టు మీదే ఉంది. 110 వోల్టులకి పనిచేసేది కొనుక్కుంది. ఇండియా నుంచి మొదట తీసుకెళ్ళిన మిక్సీకి బెల్లం దిమ్మంత ట్రాన్స్‌ఫార్మర్ తగిలించుకుని చాలా ఏళ్ళు నెట్టుకొచ్చిందట. అక్కడ గట్టు పొడవు పదిహేనడుగులు. చోటున్నచోట ఎవరూ దేన్నీ త్యాగం చెయ్యక్కర్లేదు.

చోటు లేనివాళ్ళ సంగతి వేరు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పేద ఆడవాళ్ళకి, ముఖ్యంగా డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్ళకి, గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. పొగ లేని వంట అన్నది చిన్న విషయం కాదు. అయితే కనెక్షన్ వచ్చిన చాలా ఇళ్ళల్లో రెండో బండ కొనడం బరువైంది. కట్టెలు ఏరుకొస్తే డబ్బులక్కర్లేదు, బండకి ఒకేసారి డబ్బు కట్టాలి. దాంతో స్టవ్వు తుడిచి బొట్టు పెట్టి ఒక పక్కన ఉండేది, చుట్టాలొస్తే టీకి, వాన పడితే అన్నానికి. రోజూ వంట బయట కట్టెల పొయ్యి మీదే. పథకాన్ని పరిశీలించినవాళ్ళు కూడా రీఫిల్‌లు తక్కువగా ఉన్నాయనే రాశారు. ఒక వస్తువు ఇంట్లో ఉండటం వేరు, వాడకంలో ఉండటం వేరు. 2011లో తమిళనాడులో జయలలిత ప్రభుత్వం ఉచితంగా మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ పంచినప్పుడు మన దగ్గర చాలామంది నవ్వారు. నాకూ అప్పట్లో నవ్వొచ్చింది, ఇంజనీరింగ్ చదువుతున్నాను, హాస్టల్ మెస్‌లో తినేవాణ్ణి. రోజుకి గంట రుబ్బే మనిషికి ఆ గంట తిరిగివస్తుందంటే దాని విలువెంతో లెక్కెయ్యడానికి ముందు నేనెప్పుడైనా రుబ్బి ఉండాలి కదా.

ఆ గంట నిజంగా తిరిగివచ్చిందా అన్నది అసలు ప్రశ్న. అమెరికా ఇళ్ళ గురించి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకం రాసింది. యంత్రాలు వచ్చి తగ్గించిన పని చాలావరకు మగవాళ్ళదీ, పిల్లలదీ, పనివాళ్ళదీ, మిగిలిందంతా కలిసి ఒక్క తల్లి మీద పడింది అని ఆవిడ వాదన. కట్టెలు కొట్టేది మగవాడు, గ్యాస్ వచ్చాక అతని పని పోయింది, వంట మాత్రం ఎవరిది వారిదే. మన దగ్గర 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97. అసలు ఆ పనుల్లో చెయ్యిపెట్టిన మగవాళ్ళు నూటికి 26 మందే. మిక్సీ, కుక్కర్, ఫ్రిజ్ వచ్చిన ఇన్నేళ్ళ తర్వాత ఐదు గంటలు. రుబ్బే టైం తగ్గితే పొద్దున ఒక టిఫిన్ బదులు రెండు రకాలు, లంచ్ బాక్సులు మూడు, సాయంత్రం పిల్లలకి ఇంకేదో.

2021లో వచ్చిన మలయాళం సినిమా ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ చూసినవాళ్ళకి మామగారి పాత్ర గుర్తుండే ఉంటుంది. ఆయన అరవడు, తిట్టడు. పచ్చడి మిక్సీలో వేశావా అని మెల్లగా అడుగుతాడు. అన్నం కుక్కర్లో కాకుండా కట్టెల పొయ్యి మీద వండితే బాగుంటుందంటాడు. ఆ ఇంట్లో మిక్సీ ఉంది, కుక్కర్ ఉంది. వాటిని వాడొద్దనే రుచి ఆయన నాలుక మీద ఉంది. ఆ సీను చూస్తూ నేను సోఫాలో కొంచెం సర్దుకున్నాను. ఎందుకంటే అప్పటికి రెండు నెలల కిందటే సన్నికల్లు తెచ్చి, అది గట్టు మీద కనపడేలా పెట్టాలని పట్టుబట్టినవాణ్ణి నేనే.

ఆ గోల ఇదీ. అమ్మమ్మ ఇల్లు అమ్మేస్తుంటే రుబ్బురోలుని ఎవరూ పెకలించలేకపోయారు, కొన్నవాళ్ళకే వదిలేశాం. తిరగలి ఒక రాయి ఎప్పుడో విరిగింది. సన్నికల్లు, దాని పొత్రం మాత్రం నేను తెచ్చాను. నా ఆలోచన ఏమిటంటే, ఆదివారాలు దాని మీద గోంగూర పచ్చడి నూరుకోవాలి, మిగతా రోజుల్లో అది అందంగా ఒక మూల ఉండాలి. అరిగిపోయి నున్నగా ఉంది, కక్కు కొట్టించాలి. చిన్నప్పుడు ‘రోళ్ళకి గంట్లు పెడతాం’ అని అరుస్తూ ఉలీ సుత్తీ పట్టుకుని వీధిలో వచ్చేవాళ్ళు. మా ఫ్లాట్లకి అలాంటివాళ్ళు రారు, వచ్చినా గేటు దగ్గర ఆపేస్తారు. యూట్యూబ్ చూసి నేనే ఉలి కొన్నాను.

అమ్మ వచ్చి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను.

“దీన్నెందుకు మోసుకొచ్చావురా?” అంది.

“అమ్మమ్మది కదే.”

“అమ్మమ్మదే. నూరింది నేను. పదేళ్ళప్పట్నించీ. మా నాన్నకి కారం మరలో ఆడిస్తే పడేది కాదు, సన్నికల్లు మీద నూరాల్సిందే. రెక్కలు పడిపోయేవి. కారం మంట రాత్రి పడుకున్నా చేతుల్లోంచి పోయేది కాదు. దీన్ని చూస్తే నాకు అదే గుర్తొస్తది.”

ఈ మాట నాకు ముప్ఫై మూడేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పెళ్ళిలో అమ్మాయి పాదాన్ని సన్నికల్లు మీద పెట్టిస్తారు, ఈ రాయిలా స్థిరంగా ఉండమని. నా పెళ్ళిలో మా ఆవిడ పాదం పట్టుకుని అలాంటి రాయి మీద పెట్టింది నేనే, ఫోటో కూడా ఉంది. ఆ మాటని అలా వినడం అలవాటైపోయి, ఆ రాయి ఎవరో నూరే రాయి అన్న సంగతే తట్టదు.

అమ్మది ఏమైనా వస్తువుల మీద ద్వేషమా అంటే అదీ కాదు. 1986లో వచ్చిన మిక్సీ ఇంకా ఊళ్ళో పనిచేస్తోంది. రెండుసార్లు మోటారు చుట్టించింది, ఒక జారు మార్పించింది. దాన్ని పారేసి కొత్తది కొనిస్తానంటే ఒప్పుకోలేదు. గడప దాటి ఉద్యోగానికి వెళ్ళగలిగిందంటే అది కుక్కర్ వల్లా, మిక్సీ వల్లా అని ఆవిడ లెక్క. టీచరు ఉద్యోగం, పొద్దున ఎనిమిదింటి బస్సు. బస్సు దొరకడానికీ తప్పిపోవడానికీ మధ్య పచ్చడి నూరే పావుగంట ఉండేదట. కోవన్ లెక్క ప్రకారం మిగిలింది పెద్దగా ఏమీ లేకపోవచ్చు. ఆవిడకి ఆ పావుగంట మిగిలింది. రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టుకుని చూడటం నాకు ఇంకా పూర్తిగా చేతకాలేదు.

నేను మాత్రం పంతానికి ఒక ఆదివారం గోంగూర నూరాను. గట్టు మీద పెడితే రాయి ఎత్తుకి భుజాలు పైకి లేచిపోయి బలం దిగలేదు. అది కూచుని, ఒళ్ళంతా ముందుకి వంచి నూరాల్సిన రాయి. నేల మీద దించాను. ఎండుమిరపకాయలు ఇరవై నిమిషాలు పట్టాయి. గోంగూర కలిపేసరికి నడుం పట్టేసింది. అమ్మ హాల్లో కూచుని టీవీ చూస్తూ ఒక్కసారి కూడా లేచి రాలేదు. పచ్చడి బాగుందా అంటే, బాగానే ఉంది, ఉప్పు తక్కువైందంది. రాత్రి నా చేతుల మంటకి వెన్న రాసుకుంటుంటే చూసి నవ్వింది.

ప్రస్తుతం గట్టు మీది అడుగున్నరలో మిక్సీ ఉంది. దానికి పక్కనే ప్లగ్గు ఉండటం అసలు కారణం. బిల్డర్ ఎక్కడ ప్లగ్గు పెట్టాడో అక్కడే మన వంట. రైస్ కుక్కర్ డైనింగ్ టేబుల్ మీదికి వెళ్ళింది, అన్నం వండటం నా పని కాబట్టి అది నాకు అందే చోటు. చపాతీలప్పుడు మిక్సీని ఫ్రిజ్ మీద పెడుతున్నాం. సన్నికల్లు బాల్కనీలో ఉంది, దాని మీద తులసి కుండీ. పొత్రాన్ని అమ్మే వాడకంలోకి తెచ్చింది, బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.